కన్ను చెప్పేదొకటి, చెవి చెప్పేదొకటి

మా అవ్వకు ఒక చెల్లెలు ఉందన్న సంగతి నాకు చాలాకాలం వరకు తిట్ల ద్వారానే తెలుసు. అవ్వంటే మా బాపును కన్నతల్లి. మా ఊరు ఆలూరు. ఆ చెల్లెలిని, అంటే మా చిన్నవ్వను, హిమాయత్‌నగర్‌కు ఇచ్చారు. పట్నంలో ఉన్న హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ దగ్గరి పల్లె. మధ్యలో చేవెళ్ళ, మొయినాబాద్ తప్ప పెద్ద ఊళ్ళు లేవు. పొద్దున సద్ది తిని బస్సెక్కితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. అయినా ఆ అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏళ్ళు గడిచాయి.

ఊరు చెప్పే కారణం ఇది. చిన్నవ్వ ఒక్కగానొక్క ఆడబిడ్డ పెండ్లికి మా అవ్వ పోలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు మా తాత చనిపోతే చిన్నవ్వ రాలేదు. ఆమె కొడుకులిద్దరు వచ్చి మట్టి వేసి వెళ్ళిపోయారు. సొంత అక్క మొగుడి మట్టికి రాకపోవడమంటే మా దిక్కున మాటలు కాదు. "పెండ్లికి ఆమె పోలే, మట్టికి ఈమె రాలే. చెల్లుకు చెల్లు" అని ఊరు తీర్పు చెప్పేసింది.

అవ్వ కూడా ఆ తీర్పుకు ఒప్పుకున్నట్టే ఉండేది. "దాని పేరు నా ఇంట్ల ఎత్తకుండ్రి" అని గద్దించేది. ఎత్తేది మాత్రం తనే. చర్చి కూడికలకు మొయినాబాద్ వైపు నుంచి ఎవరైనా వస్తే, వాళ్ళకు చాయ్ ఇచ్చి, ఎటో చూస్తూ, "అటు దిక్కు వానలు పడ్డయా?" అని అడిగేది. హిమాయత్‌నగర్‌లో మాకు గుంట భూమి కూడా లేదు. అక్కడ వాన పడితే ఈమెకేంటి, పడకపోతే ఈమెకేంటి? అడగాలనుకున్నది వాన సంగతి కాదని వచ్చినవాళ్ళకూ తెలుసు. "పడ్డయవ్వా, చిన్నవ్వ గూడ మంచిగున్నది" అని చెప్పేవాళ్ళు. "నేను దాని ముచ్చట అడిగిన్నా?" అని కసిరి, వాళ్ళకు ఇంకో కప్పు చాయ్ పోసేది.

చెల్లెల్ని చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. బాపు ఎన్నోసార్లు "పా అవ్వా, నేను తీస్కపోత" అన్నాడు. ఆమె మొండికేసేది. ఇద్దరూ డెబ్బైకి దగ్గరపడ్డారు, ఎవరు ముందు పోతారో తెలియదు, అప్పుడు మిగిలినామె ఎట్లా తట్టుకుంటుందని మా అమ్మ దిగులుపడేది. చెప్తే అవ్వ ఊరుకుంటుందా? ముక్కు మీద కోపం మనిషి. పొలంలో నాట్లేస్తే పక్క వరుసలవాళ్ళు ఆయాసపడాల్సిందే. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చెయ్యి పట్టకుండా గట్ల మీద నడిచేది. అలాంటి మనిషి పోను అందంటే దానికి పౌరుషం తప్ప ఇంకో కారణం ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

ఇక నా సంగతి. నేను ఇంజనీరింగ్‌లో చేరింది మొయినాబాద్ దగ్గరి కాలేజీలో. సీటు వచ్చినందుకు బాపు తను పనిచేసే పూలతోటలో అందరికీ లడ్డూలు పంచాడు. ప్లాస్టిక్ పందిరి కింద పూలు పెంచే తోట అది, ఊరికి అవతలి దిక్కున. కాబట్టి పొద్దున్నే నన్ను బండి మీద దింపే వీలు లేదు. ఆర్టీసీ బస్సే గతి. మొదటిరోజు కొత్త డ్రెస్సు వేసుకుని ఆలూరు స్టేజీ దగ్గర బస్సెక్కాను. చేవెళ్ళ రాకముందే కిటికీలోంచి తల బయటపెట్టాను. రెండోరోజూ అంతే. మూడోరోజు కండక్టర్ నన్ను చూడగానే కిటికీ పక్కన కూర్చున్నామెను లేపాడు.

చిన్నప్పుడు ఎప్పుడో ఒకసారి బస్సెక్కేవాళ్ళం కాబట్టి ఆ కొంచెం వికారాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది రోజువారీ భాగోతం అయింది. రోడ్డు పక్క చెట్ల మధ్య నుంచి ఎండ పడీ పడనట్టు కళ్ళలో తళుక్కుమంటుంటే చాలు, నోట్లో నీళ్ళూరేవి. పక్కనున్న పిల్ల ఫోన్లో ఏదైనా చూపిస్తే ఇక అంతే సంగతులు. ఫామ్‌హౌస్‌ల పొడుగాటి గోడలు వెనక్కి పరుగెత్తడం చూస్తే నేనే పడిపోతున్నానేమో అనిపించేది. బస్సు దిగాక కూడా నేల కాసేపు కదులుతూనే ఉండేది. క్లాసులో బోర్డు మీది అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు.

సలహాలకు మాత్రం కొదువ లేదు. నిమ్మకాయ వాసన చూడమని ఒకామె, చింతపండు చప్పరించమని ఇంకొకామె, సీట్లో పేపర్ పరుచుకుని కూర్చోమని మరొకామె. కూరగాయల గంపలతో పట్నం పోయే అమ్మలు బస్సు నిండా ఉండేవాళ్ళు. ఒకామె రోజూ తన కొత్తిమీర కట్టల్లోంచి రెండు రెమ్మలు తుంచి నా చేతిలో పెట్టేది. ఆ వాసన పీలుస్తూ కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. రోగం తగ్గలేదు కానీ ఆమె మీద ప్రేమ మాత్రం పెరిగింది. వెనక సీట్లలో నా తోటి పిల్లలు పాటలు పాడుకుంటూ, పల్లీలు తింటూ, ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చేవాళ్ళు. నేను డ్రైవర్ వెనక సీట్లో మునిలాగా కూర్చునేదాన్ని. వాళ్ళ నవ్వులు వినపడుతుంటే ఏడుపొచ్చేది. పద్దెనిమిదేళ్ళకు ముసలిదాన్నయ్యానని నాకు గట్టి నమ్మకం.

నెల తిరిగేసరికి నేను సగమయ్యాను. బాపు ఒకరోజు నా పక్కన కూర్చుని, "గిట్ల రోజు కడుపు ఖాళీ చేస్కుంట ఎట్ల చదువుతవు బిడ్డా? ఒకపారి దవాఖానల చూపిద్దాం" అన్నాడు. మెహిదీపట్నంలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. కడుపులో తిప్పితే చెవి డాక్టరెందుకని దారి పొడుగునా గొణిగాను. గొణగడానికి తీరిక దొరికినంతసేపే లెండి.

డాక్టరమ్మ నా ఎదురుగా కూర్చుని నా తలను రెండు చేతులతో పట్టుకుంది. "నా ముక్కునే చూస్తూ ఉండు" అని చెప్పి, ఉన్నట్టుండి తలను పక్కకు తిప్పింది. నా కళ్ళు ఆమె ముక్కు మీద నిలవకుండా జారి, మళ్ళీ వచ్చి పట్టుకున్నాయట. తర్వాత తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పి ఆపింది. గది ఆగలేదు. బాపు నా కళ్ళు చూసి భయపడ్డాడు. నల్లగుడ్లు ఒక పక్కకు జారి, మళ్ళీ వెనక్కి కొట్టుకుంటున్నాయని తర్వాత చెప్పాడు.

"భయపడే జబ్బేం కాదు" అంది డాక్టరమ్మ. "చెవి లోపల మన తూకం చూసుకునేది ఒకటి ఉంటుంది. తల కదిలితే అది కంటికి చెప్తుంది, కన్ను వెంటనే సర్దుకుంటుంది. ఈ అమ్మాయికి ఆ సర్దుబాటు కొంచెం మందం. పైగా బస్సులో ఫోన్ చూస్తుంటే కన్ను 'కూర్చున్నాం' అంటుంది, చెవి 'పోతున్నాం' అంటుంది. ఇద్దరి మాట కలవకపోతే మెదడు తికమకపడుతుంది, ఆ కోపం కడుపు మీద చూపిస్తుంది. ఈ వయసులో సాధన చేస్తే తొందరగా అలవాటవుతుంది." తర్వాత బాపు వైపు తిరిగి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది" అని అడిగింది.

బాపు ఛాతీ విరుచుకుని, "మా ఇంట్ల ఎవ్వరికి లేదు మేడం. మా అమ్మ అయితే ఇప్పటికి మోపులు మోస్తది" అన్నాడు.

మందు కంటే ఎక్కువగా ఆమె కసరత్తులు రాసింది. గోడ మీద ఒక అక్షరమో అంకెనో పెట్టుకుని, దాని మీద నుంచి చూపు కదలకుండా తలను ఎడమకూ కుడికీ తిప్పాలి. తర్వాత పైకీ కిందికీ. అంకె చెదిరిపోకుండా ఎంత వేగంగా తిప్పగలిగితే అంత. తర్వాత దిండు లాంటి మెత్త మీద నిలబడి కళ్ళు మూసుకోవాలి. పొద్దునా సాయంత్రం చేయాలి, మధ్యలో ఆపొద్దు. మా ఇంట్లో అంత పెద్ద అంకెలున్నది చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఒక్కటే. అందులో ఎర్రగా అచ్చేసిన ఒక ఆదివారాన్ని పట్టుకున్నాను.

ఇక్కడే మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు ఒకటి జరిగింది. ఆ రోజు తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని ఉన్నాను. ఇంట్లో ఎవరూ లేరు. క్యాలెండర్ ముందు నిలబడి, కళ్ళార్పకుండా, తలను అటూ ఇటూ ఊపుతున్నాను. పెదాల మీద లెక్క నడుస్తోంది. అప్పుడు మా వీధి చివర కిరాణా దుకాణం నడిపే పెద్దమ్మ, తీసుకెళ్ళిన చాట తిరిగివ్వడానికి వెనక తలుపులోంచి వచ్చింది. వాళ్ళింట్లో బోనాలకు తప్పకుండా ఎవరో ఒకరికి పూనకం వస్తుంది, వాళ్ళు దాన్ని శిగం అంటారు. విరబోసిన జుట్టు, రెప్ప వేయని కళ్ళు, ఊగే తల. ఆమెకు ఇంకేం కావాలి? చాట చేతిలోంచి జారిపోయింది.

"తల్లీ! ఏ ఊరి తల్లివమ్మా?" అంటూ చేతులు జోడించింది.

మధ్యలో ఆపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే నేను ఆపలేదు. నోరు తెరిస్తే లెక్క తప్పుతుందని మాట్లాడనూ లేదు.

"మా చిన్నోనికి పిల్ల కుదురుతలేదు తల్లీ. ఈ ఏడన్న కుదురుతదా?"

నా తల ఎడమకూ కుడికీ తిరుగుతూనే ఉంది. "కుదరదా తల్లీ? ఏం తప్పు చేసినం?" అని పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే నా అటూ ఇటూ లెక్క పూర్తయి, తల పైకీ కిందికీ ఊపడం మొదలైంది. "కుదురుతదా! కుదురుతదన్నవా తల్లీ!" అని ఆమె సంతోషం పట్టలేక గడప దాటి పరుగెత్తింది. నేను లెక్క ముగించి వీధిలోకి వచ్చేసరికి ఆమె దుకాణం దగ్గర నలుగురికి చెప్తోంది.

గోరంత దొరికితే కొండంత చేసే ఊరు మాది. మధ్యాహ్నానికల్లా ఇద్దరు ఆడవాళ్ళు పసుపు, నిమ్మకాయలతో మా వాకిట్లో నిలబడ్డారు. సాయంత్రానికి మా చర్చి అయ్యగారు బైబిలు చంకన పెట్టుకుని వచ్చారు. పాపం ఆయన ఎంతో సున్నితంగా, "అమ్మా, మనసేమన్నా భారంగా ఉందా?" అని అడిగారు. నేను డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాను. ఆయన చదివి, నవ్వాపుకుని, ఎట్లాగూ వచ్చాను కాబట్టి ప్రార్థన చేసి వెళ్ళారు.

అవ్వ మాత్రం నిప్పులు చెరిగింది. "పుట్టినప్పటి సంది చర్చి గుడిల ముందు చాప మీద కూసున్న. నా ఇంట్ల శిగమా? ఆ దుకాణపామె నోట్ల మన్ను పడ! నువ్వు తల ఊపుడేందే, ఆమె ఉరుకుడేందే?" అని నన్నూ, పెద్దమ్మనూ, డాక్టరమ్మనూ కలిపి దులిపేసింది. కోపం చల్లారాక కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కన్ను ఒకటి చెప్తుందనీ, చెవి ఒకటి చెప్తుందనీ, వాటి మాట కలవకపోతే కడుపులో తిప్పుతుందనీ. బలం ఉన్నవాళ్ళకైనా లేనివాళ్ళకైనా రావచ్చనీ, ఇది కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా వస్తుందనీ.

అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"అంటే బస్సెక్కితే కక్కొచ్చుడు నిజంగ రోగమేనా బిడ్డా? మనిషి సోకులు పోవుడు కాదా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది, నా వైపు చూడకుండా. చెల్లె బిడ్డ పెండ్లికి కొత్తచీర కట్టుకుని, పెండ్లిపిల్లకు ఇత్తడి బిందె చేతబట్టుకుని బయలుదేరిందట. బాపూ తాతా ముందురోజే పెండ్లి పనులకు అక్కడికి వెళ్ళిపోయారు, ఈమె ఒక్కతే బస్సెక్కింది. చేవెళ్ళ వచ్చేసరికి చీర మీద, బిందె మీద, పక్కనామె ఒళ్ళో కక్కేసింది. బస్సంతా ముక్కు మూసుకుందట. దిగిపోయింది. ఎక్కే ధైర్యం రాక పొలాల వెంట నడిచి ఇంటికొచ్చి, తల నొస్తోందని ముసుగుతన్ని పడుకుంది.

"ఎవరికన్న చెప్పొద్దా అవ్వా?"

"ఏమని చెప్పాలె? కక్కొచ్చిందని చెల్లె బిడ్డ పెండ్లికి పోలేదంటే ఎవడు నమ్ముతడు? నవ్విపోతరు. నేను గింత గట్టి మనిషినని ఊరంత పేరు. అహంకారమని అనుకున్నా మంచిదే అనుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తర్వాత మీ బాపు బండి మీద గూడ కూసున్న. కాళ్ళు ఒక దిక్కు ఏస్కోని అడ్డం కూసుంటం గదా, చేన్లన్ని కండ్ల ముంగట్నుంచి ఉరుకుతున్నయి. రెండు మలుపులు తిరగంగనె దిగిన. పెట్రోలు వాసన పడదని చెప్పిన. ఇగ అది మట్టికి గూడ రాకపాయె. పెండ్లికి రాలేదని పగ తీర్చుకున్నది. నాదే మొదటి తప్పాయె, ఎట్ల అడగాలె?"

ఇన్నేళ్ళ పౌరుషం వెనక ఉన్నది ఇది. నాకు నవ్వొచ్చింది, గుండె కూడా బరువెక్కింది. నేను నెలరోజులకే చదువు మానేద్దామనుకున్నాను, ఈమె దీన్ని దిగమింగుకుని ఇన్నేళ్ళు ఒక్క మాట అనకుండా బతికింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి అవ్వ క్యాలెండర్ ముందు పీట వేసుకుని కూర్చుని, అదే ఎర్ర ఆదివారాన్ని గుడ్లురిమి చూస్తూ తల ఊపుతోంది. నన్ను చూసి, "ముందుగాల తలుపు గొళ్ళెం పెట్టు. దుకాణపామె వస్తే మళ్ళ శిగమంటది" అంది.

డాక్టరమ్మను రెండోసారి కలిసినప్పుడు అవ్వ సంగతి అడిగాను. పెద్ద వయసు కాబట్టి కూర్చునే చేయాలనీ, మెల్లగా చేయాలనీ, మెత్త మీద నిలబడడం లాంటివి వద్దనీ, పూర్తిగా పోతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దనీ చెప్పింది. ఆ మాటలన్నీ అవ్వకు చెప్పాను, ఆఖరి మాట తప్ప.

ఆ చలికాలం నా జీవితంలో చాలా మంచి కాలం. ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నాను, నా స్కూటీ మీద నేనే పోతాను, ఆ రోడ్డు కూడా పాతదానిలాగా లేదు. అయినా ఆ పొద్దులు తలచుకుంటే ప్రాణం లేచొస్తుంది. పొయ్యి మీద నీళ్ళు కాగుతుంటే అవ్వా నేనూ గోడకు ఎదురుగా కూర్చుని తలలూపేవాళ్ళం. "ఎడమ, కుడి" అని అమ్మ వంటింట్లోంచి కూనిరాగం తీసేది. బాపు మా ఇద్దరి మధ్యలోంచి వంగి వంగి నడుస్తూ, "నేను మేడంకు మా ఇంట్ల ఎవ్వరికి లేదని చెప్పినగదనే" అని తల పట్టుకునేవాడు. ఆదివారం చర్చి అయ్యాక షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన అవ్వను కూర్చోబెట్టి చేవెళ్ళ వైపు తీసుకెళ్ళేదాన్ని. "దగ్గర చూడకు అవ్వా, దూరంగ రోడ్డు ఏడ దాక కనిపిస్తదో ఆడ చూడు" అని వెనక నుంచి చెప్పేదాన్ని. మొదటిసారి ఊరి పొలిమేర దాటకుండానే దిగింది. తర్వాత కొంచెం దూరం, ఆ తర్వాత ఇంకొంచెం దూరం. దిగిన చోటల్లా చెట్టు కింద కూర్చుని నన్ను తిట్టేది, లేచి నడిచేటప్పుడు నా భుజం పట్టుకునేది.

నాకు కూడా నేల కుదురుకుంది. ఒకరోజు మాటల్లో పడి వెనక సీట్లో కూర్చుండిపోయాననీ, పల్లీలు తింటూ మొయినాబాద్ వచ్చేశాననీ దిగాక గానీ గుర్తురాలేదు. ఆ సాయంత్రం కొత్తిమీర అమ్మకు చెప్తే, "ఇగ రేపట్నుంచి కొత్తిమీర పైసలిచ్చి కొనుక్కో" అని నవ్వింది.

క్రిస్మస్ సెలవుల్లో ఒక పొద్దున అవ్వ పెట్టెలోంచి మంచిచీర తీసి కట్టుకుంది. సంచిలో చిక్కుడుకాయలు, టమాటలు పోసుకుంది. "పా" అంది నాతో. ముందుగా కబురు చెప్దామా అంటే వద్దంది. "పోయి ఒక్క మాట అడుగుత. మీ బావ మట్టికి ఎందుకు రాలేవే అని. అడిగినంక అది పొమ్మన్నా సరే" అంది.

బస్సులో డ్రైవర్ వెనక సీటు దొరికింది. చేవెళ్ళ వచ్చేసరికి అవ్వ ముఖం తెల్లగా పాలిపోయింది, పెదాలు బిగించింది. "దిగుదామా అవ్వా?" అన్నాను. ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుని, "ఈడ దిగ. ఈడ దిగితే మళ్ళ ఇంటికే" అంది. బస్సు కదిలింది. మొయినాబాద్‌లో దిగి సోడా తాగించాను. అక్కణ్ణుంచి హిమాయత్‌నగర్‌కు షేర్ ఆటో. ఊళ్ళోకి తిరిగే మలుపులో పాపం కక్కనే కక్కింది. ఆటో ఆపించి, పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుని, "నీ సాధన అంతంత మాత్రమే ఉన్నది" అని నన్ను ఎత్తిపొడిచి మళ్ళీ ఎక్కింది. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆమెకు రోగం తగ్గింది కొంచెమే. సిగ్గు మాత్రం పూర్తిగా పోయింది.

చిన్నవ్వ ఇంటిముందు అరుగు మీద కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తోంది. మా అవ్వనే కొంచెం సన్నగా చేసి కూర్చోబెట్టినట్టు ఉంది. తలెత్తి చూసింది. అవ్వ సంచి కింద పెట్టలేదు, బాగున్నావా అనలేదు.

"మీ బావ మట్టికి ఎందుకు రాలేవే?"

చిన్నవ్వ తగ్గలేదు. "నా బిడ్డ పెండ్లికి నువ్వెందుకు రాలే?"

అక్క తాడిని తన్నేదైతే చెల్లెలు దాని తలను తన్నేది. అవ్వ ఇంటివాళ్ళూ పక్కింటివాళ్ళూ అందరూ వింటుండగా చెప్పేసింది.

"నాకు బస్సు పడదే. చేవెళ్ళల కక్కుకోని, చీర ఖరాబు చేస్కోని ఎన్కకు నడిచిపోయిన. చెప్తే నవ్వుతరని చెప్పలే."

చిన్నవ్వ చేతిలో మిరపకాయ కింద పెట్టింది. "నీకు గూడనా అక్కా?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. అవ్వకు నాకంటే ముందే అర్థమైంది. సంచి వదిలేసి అరుగు మీద కూలబడింది. చిన్నవ్వ చెప్పింది. తాత పోయాడని కబురు రాగానే అందరూ డీసీఎం అనే చిన్న లారీలో బయలుదేరారట. వెనక్కి ముఖం పెట్టి కూర్చుంది, రోడ్డంతా కళ్ళ ముందు నుంచి జారిపోతుంటే చేవెళ్ళకు వచ్చేసరికి కళ్ళు తెరవలేకపోయింది. మట్టి ఎవరి కోసమూ ఆగదు. కొడుకులు ఆమెను ఒక హోటల్ ముందు చాప మీద పడుకోబెట్టి వెళ్ళిపోయారు.

"ఆడికెల్లి మీ ఊరు ఎంత దూరమక్కా? నడిచి వద్దామని లేచిన. భూమి ఆగుతలేదు. రెండడుగులేసి పడ్డ. మళ్ళ లేచిన, మళ్ళ పడ్డ. పొద్దుగూకినంక పిల్లలొచ్చి ఎత్కపోయిండ్రు. అక్క మొగడు పోతే కక్కొచ్చి రాలేదని ఏ మొకం పెట్టుకోని చెప్పాలె? ఎవ్వరికి చెప్పొద్దని పిల్లలతోని ఒట్టేయించుకున్న. పెండ్లికి రాలేదని కోపంతోని రాలేదనుకుంటేనే నయమనుకున్న."

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ఏడుస్తూ ఏడుస్తూ అవ్వ చెల్లెలి వీపు మీద గట్టిగా ఒకటేసింది. చెల్లెలు కూడా ఊరుకోలేదు. పక్కింటివాళ్ళు వచ్చి విడదీయాలా వద్దా అని నిలబడ్డారు. తినేటప్పుడు నేను డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను, ఇది ఒకే రక్తంలో వస్తుందని కూడా. "మా అవ్వ గూడ ఎడ్లబండి ఎక్కకపోయేది గదనే" అని తమ తల్లి సంగతి చిన్నవ్వకు అప్పుడు గుర్తొచ్చింది.

అన్నం తిన్నాక చేతులు కడుక్కుని చిన్నవ్వ నా దగ్గరికొచ్చింది. "నన్ను గూడ తీస్కపో బిడ్డా. బావను చూడాలె" అంది. కొడుకు కారు మాట్లాడతానన్నా వినలేదు. ఏ సాధనా లేని మనిషి. మొయినాబాద్ దాకా బాగానే వచ్చింది, ఆ తర్వాత అవస్థ మొదలైంది. బస్సు దిగి కూర్చున్నాం, ఆటో ఎక్కాం, మళ్ళీ దిగాం. దిగిన ప్రతిచోటా ఒకరు కక్కుతుంటే ఇంకొకరు వీపు రాసేవాళ్ళు. "దూరంగ చూడే, రోడ్డు చివరకు చూడే" అని అవ్వ నా మాటలన్నీ తనవే అన్నట్టు చెల్లెలికి చెప్పింది.

ఆలూరు చేరేసరికి ఎండ వాలిపోయింది. ఇంటికి కూడా పోలేదు, నేరుగా సమాధుల దగ్గరికే వెళ్ళాం. తాత సమాధి మీది సిమెంటు సిలువను చిన్నవ్వ రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. నేల ఆమెకు ఇంకా తిరుగుతూనే ఉన్నట్టుంది, ఆ సిలువను వదల్లేదు.

"జర ఆలస్యమైంది బావా" అంది.

అవ్వ మెల్లగా వంగి, ఆమె చేతుల్ని సిలువ మీద నుంచి విడిపించి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఆయనకేం ఆలస్యం లేదే. ఆయన ఈడనే ఉంటడు. ఆలస్యమైంది నాకు" అంది.